గోడ కట్టే ముందు

వీధిని శుభ్రంగా ఉంచడం ఇస్లాం దృష్టిలో చిన్న పని కాదు. దారిలో పడివున్న ముల్లునో రాయినో తొలగించడాన్ని కూడా దైవప్రవక్త (సఅసం) విశ్వాసపు శాఖల్లో ఒకటిగా లెక్కించారు. జనం నడిచే దారిని, జనం విశ్రమించే నీడను మలినం చేసేవారిని గట్టిగా హెచ్చరించారు. వీధి అరుగుల మీద కూర్చునేవారికి కూడా వీధి హక్కులు నేర్పారు. చూపు దించుకోవాలి, ఎవరికీ బాధ కలిగించకూడదు, సలాముకు జవాబివ్వాలి, మంచిని ఆదేశించి చెడును వారించాలి. అంటే వీధి ఎవరి సొంతమూ కాదు, అందరికీ అందులో హక్కు ఉంది.

ఇంతవరకు ఎవరికీ అభ్యంతరం ఉండదు. కాని దారికి అడ్డుగా పడివున్నది రాయి కాక మనిషే అయితే ఏం చేయాలి? రాయిని తీసి పక్కన పడేస్తే పుణ్యం వస్తుంది. మనిషిని తీసి పక్కన పడేస్తే ఏం వస్తుంది?

ఈ ప్రశ్న మాకు పుస్తకాల్లో ఎదురు కాలేదు. ఒక మొహల్లా మీటింగులో ఎదురైంది. మస్జిదు వెనుక ఖాళీ స్థలం ఉంది. వెలుతురు లేదు, గోడ లేదు. చీకటి పడగానే అక్కడ పిల్లలు చేరి గంజాయి తాగుతున్నారు, కొందరు వైట్‌నర్ పీలుస్తున్నారు. మక్తబ్‌కు వెళ్ళే ఆడపిల్లలు ఆ దారి మానేశారు. ఇషా నమాజు తర్వాత పెద్దలు కూర్చుని, ప్రహరీ గోడ కట్టి, లైట్లు పెట్టి, రోడ్డు వైపున నాలుగు ముల్గీలు వేయాలని తీర్మానించారు. అద్దెలతో మస్జిదు ఖర్చులు గడుస్తాయి, ఆ పిల్లలు కూడా వెళ్ళిపోతారు అన్నారు. జుమా నాడు దీన్ని సమర్థిస్తూ నాలుగు మాటలు చెప్పమని మమ్మల్ని కోరారు. మేము సరేనన్నాం. అప్పుడు పరదా వెనుక నుంచి ఒక తల్లి అడిగింది: "మౌల్వీ సాబ్, గోడ కట్టండి, నేను వద్దనను. కాని మా వాడు ఇక్కడ కూర్చుంటున్నాడు కాబట్టి రాత్రి ఒకసారి వచ్చి, బతికి ఉన్నాడా లేదా అని చూసి వెళ్తున్నాను. రేపటి నుంచి వాణ్ణి ఎక్కడ వెదకాలి?"

ఆ రాత్రి మా దగ్గర జవాబు లేదు. ఈ వ్యాసం ఆ బాకీ తీర్చుకునే ప్రయత్నం.

ఒక పార్కు నేర్పిన పాఠం

ఇదే ప్రశ్న మనకంటే చాలా ముందు, మనకంటే ఎంతో సంపన్నమైన ఒక నగరానికి ఎదురైంది. స్విట్జర్లాండులోని జూరిక్ నగరంలో, పెద్ద రైల్వే స్టేషనుకు ఆనుకొని, జాతీయ మ్యూజియం వెనుక, రెండు నదులు కలిసే చోట ప్లాట్జ్‌ష్పిట్జ్ అనే పార్కు ఉంది. 1980ల చివర్లో ఆ పార్కు హెరాయిన్ వాడేవారి బహిరంగ స్థావరంగా మారింది. ఊరంతా చెల్లాచెదురుగా తిరిగే బదులు ఒకే చోట ఉంటే నయమని పోలీసులు చూసీచూడనట్టు ఊరుకున్నారు. పట్టపగలే వందలాది మంది చెట్ల కింద కూర్చుని సూదులు గుచ్చుకునేవారు. ఇతర ఊళ్ళ నుంచి కూడా జనం వచ్చి చేరేవారు. ఒకే సూదిని పదిమంది వాడటం వల్ల ఎయిడ్స్ పాకింది. అంతకుముందు 1985లో, శుభ్రమైన సిరంజీలు పంచే డాక్టర్ల లైసెన్సు రద్దు చేస్తామని అక్కడి ఆరోగ్య అధికారులు హెచ్చరించారు కూడా. ఆ పట్టుదల నిలవలేదు. శవాలు లేస్తుంటే చివరికి ఆ పార్కులోనే వైద్యులు లక్షల కొద్దీ శుభ్రమైన సిరంజీలు పంచవలసి వచ్చింది.

చుట్టుపక్కల ఇళ్ళవారి సహనం నశించింది. వారి ఫిర్యాదులో న్యాయం ఉంది. తమ గుమ్మంలో నెత్తుటి సూదులు ఏరుకునే తల్లికి కోపం రావడం తప్పా? 1992 ఫిబ్రవరి 5న పార్కు గేట్లు మూసేశారు. కాని అక్కడున్న వారందరికీ సరిపడా పడకలు, చికిత్స, తలదాచుకునే చోటు సిద్ధంగా లేవు. ఫలితంగా జనం పక్క పేటల్లోకి, ఇళ్ళ మెట్ల కిందికి, పెరళ్ళలోకి చెదిరిపోయారు. కొంతకాలానికి అక్కడికి దగ్గరలోనే, వాడకంలో లేని లెట్టెన్ రైల్వే స్టేషను పట్టాల మీద మళ్ళీ గుంపుకట్టారు. చెడు మాయం కాలేదు, స్థలం మారింది. ఆ 1992 సంవత్సరంలోనే స్విట్జర్లాండులో మాదకద్రవ్యాల వల్ల 400 మందికి పైగా మరణించారు.

మూడేళ్ళ తర్వాత, 1995 ఫిబ్రవరిలో లెట్టెన్‌ను కూడా మూసేశారు. ఈసారి గుంపు మరోచోట ఆ స్థాయిలో తిరిగి చేరలేదు. కారణం ఏమిటి? ఈసారి గేటుకు తాళం వేయకముందే ఇతర తలుపులు తెరిచారు. రాత్రి పడుకునే వసతులు, పగలు వచ్చి కూర్చునే కేంద్రాలు, మెథడోన్ అనే మందుతో చికిత్స ఏర్పాటయ్యాయి. ఏ చికిత్సకూ లొంగని వారికి 1994 నుంచి డాక్టరు కళ్ళ ఎదుట కొలిచి ఇచ్చే హెరాయిన్ కూడా మొదలైంది. మరోవైపు అమ్మేవారిని పోలీసులు గట్టిగా పట్టారు. ఇతర ఊళ్ళవారిని వారి వారి ఊళ్ళ సంరక్షణకు అప్పగించారు. నివారణ, చికిత్స, హాని తగ్గించడం, చట్టం అమలు అనే నాలుగు స్తంభాల మీద ఆ దేశం తన విధానాన్ని నిలబెట్టుకుంది. 2008 నవంబరు 30న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో 68 శాతం మంది ఈ విధానానికి ఓటు వేశారు. అదే రోజు గంజాయికి అనుమతి ఇవ్వాలన్న ప్రతిపాదనను అదే ప్రజలు తిరస్కరించారు. అంటే వారు మత్తును మెచ్చుకోలేదు. మత్తులో పడిన మనిషిని వదలకూడదని మాత్రమే నిర్ణయించుకున్నారు.

నేడు ప్లాట్జ్‌ష్పిట్జ్‌లో పిల్లలు ఆడుకుంటారు. లెట్టెన్ దగ్గర వేసవిలో జనం నదిలో ఈదుతారు. కథ ఇక్కడితో ముగిసిందని కాదు. ఊరి నడుమనున్న ఒక కేంద్రం దూరంగా తరలిపోయాక, 2023లో బేకెరన్లాగె అనే మరో పార్కులో క్రాక్ తాగేవారు మళ్ళీ బహిరంగంగా గుమికూడారు. ఆ ఏడాదే నగరం దగ్గరలో ఒక తాత్కాలిక కేంద్రం తెరవవలసి వచ్చింది. ఒక తలుపు మూసుకుంటే ఒక పార్కు నిండుతుందని ఆ ఊరు రెండోసారి తెలుసుకుంది.

ఇంకో సంగతి కూడా దాచకూడదు. ఆ పార్కుకు దగ్గరలోని పాత కార్ఖానాల ప్రాంతం తర్వాత కొత్త నగరంగా లేచింది. రైలు వంతెన కమానుల కింద 2010లో దుకాణాలు వెలిశాయి. 2011లో 126 మీటర్ల అద్దాల మేడ పూర్తయింది. వీధులు బాగుపడ్డాయి, అద్దెలూ పెరిగాయి. వీధి బాగుపడటం నిస్సందేహంగా వరమే. కాని బాగుపడిన వీధిలో ఉండగలిగేది ఎవరు అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. కష్టకాలంలో ఆ వీధిని అంటిపెట్టుకున్న పేదవాడు సుఖకాలంలో దానికి పరాయివాడైతే, ఆ శుభ్రత ఎవరి కోసం జరిగినట్టు? కర్మలు సంకల్పాలను బట్టే ఉంటాయని మనకు నేర్పారు. మన మొహల్లా తీర్మానంలో మత్తు బాధ ఎంత, ముల్గీల అద్దె ఎంత అన్నది ప్రతి ఒక్కరూ తమ మనసునే అడగాలి.

వెళ్ళిపో అన్నాడు, ఎక్కడికో చెప్పాడు

ఇప్పుడు మన ధర్మం వైపు తిరుగుదాం. మత్తు విషయంలో షరీఅత్ తీర్పులో సందేహానికి తావే లేదు. సూరా మాయిదా 90వ ఆయతు మద్యాన్ని, జూదాన్ని షైతాను పనులుగా ప్రకటించి దూరంగా ఉండమంది. మత్తెక్కించే ప్రతిదీ నిషిద్ధమేనని, ఎక్కువ మోతాదులో మత్తెక్కించేది కొంచెమైనా నిషిద్ధమేనని దైవప్రవక్త (సఅసం) స్పష్టం చేశారు. గంజాయి, హెరాయిన్, వైట్‌నర్, మత్తు మందులు కలిపిన కల్లు అన్నీ ఈ తీర్పు కిందికే వస్తాయి. దీన్ని తేలిక చేసే హక్కు ఎవరికీ లేదు.

అయితే తీర్పు ఒకటి, మనిషిని ఆ తీర్పు దగ్గరికి తీసుకువచ్చే దారి మరొకటి. మద్యం ఒక్కరోజులో నిషేధించబడలేదు. మొదట సూరా బఖరాలో, అందులో ప్రయోజనం కంటే పాపమే పెద్దదని ఆలోచన కలిగించబడింది. తర్వాత సూరా నిసాలో, మత్తులో నమాజు దరిదాపులకు రావద్దని చెప్పబడింది. ఆ తర్వాతే పూర్తి నిషేధం వచ్చింది. మొదటి మాటే మద్యం మానమని అయివుంటే, ఎన్నటికీ మానమని జనం అనేవారని హజ్రత్ ఆయిషా (రజి) చెప్పిన మాట సహీహ్ బుఖారీలో ఉంది. హృదయాలు సిద్ధమయ్యాక ఆజ్ఞ దిగినప్పుడు మదీనా వీధుల్లో మద్యం పారబోశారు. మదీనాలో మద్యం పారింది గాని, మద్యం తాగినవారిని ఎవరూ ఊరి బయటికి పారబోయలేదు.

నిషేధం తర్వాత కూడా ఒక వ్యక్తి పదే పదే తాగి పట్టుబడేవాడు. శిక్ష కూడా పడేది. ఒకసారి సభలో ఒకరు అతన్ని శపిస్తే దైవప్రవక్త (సఅసం) వారించారు. అతను అల్లాహ్‌ను, ఆయన ప్రవక్తను ప్రేమిస్తున్నాడని సాక్ష్యమిచ్చారు. మరో సందర్భంలో, మీ సోదరునికి వ్యతిరేకంగా షైతానుకు సాయం చేయవద్దన్నారు. మద్యానికి సంబంధించినవారిపై శాపం ఉన్న హదీసు లేదా అని ఎవరైనా అడగవచ్చు. ఉంది. పండితులు ఈ రెండింటినీ ఇలా సమన్వయం చేశారు: పాపాన్ని మొత్తంగా ఖండించడం వేరు, ఎదురుగా ఉన్న ఒక మనిషిని పేరు పెట్టి శపించడం వేరు. శిక్ష పడినవాడు కూడా జమాఅత్‌లోని వాడే. వాణ్ణి మనం తోసేస్తే చేయి పట్టుకోవడానికి షైతాను కాచుకుని ఉంటాడు.

తొంభై తొమ్మిది మందిని చంపిన మనిషి ఉదంతం మనందరికీ తెలుసు. పశ్చాత్తాపానికి దారి ఉందా అని ఒక సన్యాసిని అడిగాడు. లేదన్నాడు సన్యాసి. అతన్నీ చంపి నూరు పూర్తి చేశాడు. తర్వాత ఒక పండితుణ్ణి అడిగాడు. నీకూ పశ్చాత్తాపానికీ మధ్య అడ్డు నిలిచేదెవరని ఆ పండితుడు అన్నాడు. అంతటితో ఊరుకోలేదు. ఉన్న ఊరు చెడ్డది కనుక దాన్ని వదిలి ఫలానా ఊరికి వెళ్ళమని, అక్కడ అల్లాహ్‌ను ఆరాధించే మంచివారు ఉన్నారని, వారితో కలిసి ఉండమని చెప్పాడు. ఆ మనిషి దారిలోనే మరణించాడు. అయినా అల్లాహ్ అతన్ని క్షమించాడు.

ఈ హదీసును మేము ఎన్నిసార్లు చదివామో, ఎన్నిసార్లు పాఠం చెప్పామో లెక్కలేదు. ఆ తల్లి ప్రశ్న విన్నాకే అందులోని ఒక సూక్ష్మం మాకు అర్థమైంది. ఆ పండితుడు కూడా 'వెళ్ళిపో' అనే అన్నాడు. స్థలానికి మనిషిని చెడగొట్టే శక్తి ఉందని ఒప్పుకున్నాడు. కాని ఎక్కడికి వెళ్ళాలో చెప్పాడు, ఎవరి దగ్గరికి వెళ్ళాలో చెప్పాడు. మన తీర్మానంలో మొదటి సగమే ఉంది. జూరిక్‌లో 1992కూ 1995కూ మధ్య ఉన్న తేడా కూడా ఇదే.

మన ఫిఖ్‌హ్‌లో ఒక ప్రసిద్ధ సూత్రం ఉంది: ఒక హానిని అలాంటి మరో హానితో తొలగించకూడదు. మన గల్లీలోని హానిని తీసుకెళ్ళి పక్క గల్లీలో వేస్తే అది హానిని తొలగించడం కాదు, పొరుగువాడి గుమ్మంలో పెట్టడం. ఎవరి కీడు నుంచి పొరుగువాడు నిశ్చింతగా ఉండలేడో అతను విశ్వాసి కాడన్న హెచ్చరిక మొహల్లాలకు కూడా వర్తించదా?

రెండు అభ్యంతరాలు

మొదటి అభ్యంతరం: ఇలా మెత్తబడితే పాపానికి సహకరించినట్టు కాదా? పాపంలో, దౌర్జన్యంలో సహకరించవద్దని ఖుర్‌ఆన్ ఆజ్ఞ ఉంది కదా? ప్రశ్న సరైనదే. దీనికి జవాబు మన ఫుఖహా ఏనాడో ఇచ్చారు. క్రీ.శ. 1567లో మరణించిన ఇబ్నె హజర్ మక్కీ (రహ్)ను ఒక విషయం అడిగారు. నల్లమందుకు అలవాటుపడి, అది తినకపోతే ప్రాణం పోయే స్థితికి చేరిన మనిషి ఏం చేయాలి? ప్రాణం పోతుందని నిశ్చయంగా తెలిస్తే, ఆకలితో చచ్చిపోతున్నవాడికి చచ్చిన జంతువు మాంసం లాగా అది ఆ మేరకు అనుమతి అవుతుందని, పైగా ప్రాణం కాపాడుకోవడం విధి అని ఆయన చెప్పారు. అయితే కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ పోవడం కూడా అతని మీద విధి అని, ఆ ప్రయత్నం చేయకపోతే పాపి అవుతాడని అన్నారు. హనఫీ ఫిఖ్‌హ్‌లో ప్రామాణిక గ్రంథమైన 'రద్దుల్ ముహ్‌తార్'లో అల్లామా ఇబ్నె ఆబిదీన్ షామీ (రహ్) ఈ ఫత్వాను ఉదహరించారు. హనఫీ సూత్రాలకు ఇది విరుద్ధం కాదన్న మాటనూ అక్కడే చేర్చారు.

గమనించండి. ఇక్కడ హరామ్ హలాల్ కాలేదు. ప్రాణాపాయం, నిశ్చయమైన జ్ఞానం, క్రమంగా తగ్గించడం అనే మూడు షరతులు ఉన్నాయి. వైద్యుని పర్యవేక్షణలో జరిగే చికిత్సకు ఇది దగ్గరి మాట. గంజాయి తాగే కుర్రవాడు దీన్ని సాకుగా చూపలేడు, అది మానితే ప్రాణం పోదు. కాని అన్ని మత్తులూ ఒకటి కావు. 2020 లాక్‌డౌన్‌లో కల్లు దుకాణాలు, మద్యం షాపులు ఒక్కసారిగా మూతపడినప్పుడు, హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు మూర్ఛలతో, భ్రమలతో ఎంతమంది పరుగెత్తారో తెలంగాణలో అందరూ చూశారు. మత్తు మందులు కలిపిన కల్లును హఠాత్తుగా మాన్పించడం కొందరికి ప్రాణాంతకం. కనుక గదిలో పెట్టి గొళ్ళెం వేసే పెద్దలు, తాళ్ళతో కట్టేసే తండ్రులు ముందు డాక్టరును అడగాలి.

మలేసియాలో 2010లో ఒక ప్రయోగం జరిగింది. కౌలాలంపూర్‌లో మలయా విశ్వవిద్యాలయం పక్కనున్న అర్-రహ్మాన్ మస్జిదులో హెరాయిన్ బాధితులకు మెథడోన్ చికిత్స మొదలుపెట్టారు. వైద్యులు మందు ఇచ్చారు, మస్జిదువారు నమాజు, బోధ, తోడు ఇచ్చారు. మనం ఎవరినైతే మస్జిదు గోడ బయట ఉంచాలనుకుంటామో, వారిని అక్కడ గోడ లోపలికి పిలిచారు.

రెండవ అభ్యంతరం దీనికి ఎదురు దిక్కు నుంచి వస్తుంది: బాధితుని మీద జాలి సరే, మరి ఆడపిల్లలు ఆ దారిన ఎలా వెళ్ళాలి? ఈ మాటను తోసిపుచ్చేవారు కరుణ పేరుతో మరో అన్యాయం చేస్తున్నారు. ఓడ పై అంతస్తులో, కింది అంతస్తులో ప్రయాణించేవారి ఉపమానం హదీసులో ఉంది. నీళ్ళ కోసం పైకి రావడం మాని, కిందివారు తమ భాగంలో రంధ్రం చేసుకుంటామంటే, పైవారు చేయి పట్టుకుని ఆపితే అందరూ బతుకుతారు, వదిలేస్తే అందరూ మునుగుతారు. ఆపడం తప్పనిసరి. అందులో రెండో మాట లేదు. దీపాలు పెట్టాలి, అమ్మేవాడి సంగతి పోలీసులకు చెప్పాలి, దారి ఆడపిల్లలకు తిరిగి దక్కాలి. కాని ఆ ఉపమానంలో రంధ్రం చేసేవాడి చేయి పట్టుకోవడమే ఉంది. వాణ్ణి సముద్రంలోకి తోసేయడం లేదు.

మన చేతుల్లో ఉన్నది

ఇక ఏం చేయాలి? మూడు మాటలు మనవి చేస్తాం.

ఒకటి, క్రమం. ముందు మనుషులు, తర్వాత గోడ. అక్కడ కూర్చునే పిల్లలు మన జమాఅత్ పిల్లలే. వారి తండ్రుల పేర్లు మనకు తెలుసు. వారిలో గౌరవం ఉన్న ఇద్దరు ముగ్గురు పెద్దలు, తిట్టడానికి కాకుండా మాట్లాడటానికి వెళ్ళాలి. ఒకసారి వెళ్ళి ఊరుకుంటే చాలదు, వెళ్తూనే ఉండాలి.

రెండు, పరువు. ఇళ్ళలోకి తొంగిచూడటం, లోపాలు వెదకటం సూరా హుజురాత్ నిషేధించింది. కుర్రవాడి పేరు మస్జిదు మైకులో చెప్పడం, ఫోటో తీసి వాట్సాప్‌లో తిప్పడం సంస్కరణ కాదు. అక్కచెల్లెళ్ళ పెళ్ళిళ్ళు ఆగిపోతాయనే భయంతోనే ఎన్నో కుటుంబాలు చికిత్సకు వెళ్ళడం లేదు. ఆ భయాన్ని పుట్టించింది మనమే. చట్టం కూడా ఈ విషయంలో మనకంటే మెత్తగా ఉంది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలోని 64-ఎ సెక్షను, వాడకానికి లేదా చిన్న మోతాదుకు సంబంధించిన కేసు ఎదుర్కొంటున్న బాధితుడు తనంతట తాను గుర్తింపు పొందిన ఆసుపత్రిలో చికిత్సకు చేరితే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇస్తుంది. చికిత్స పూర్తి చేయాలన్నది షరతు. కేంద్ర ప్రభుత్వపు ఉచిత ఫోన్ నంబరు 14446కు చేసి సలహా అడగవచ్చు. ఈ సంగతులు ప్రతి మస్జిదు నోటీసు బోర్డు మీద ఉండదగినవి.

మూడు, చోటు. నాలుగు ముల్గీలు కట్టేవారు ఒక గది అదనంగా కట్టలేరా? వారంలో ఒకరోజు డాక్టరు కూర్చునే గది, బయటపడాలనుకునేవాడు రాత్రిపూట తలుపు తట్టగలిగే గది. స్థలం వఖ్ఫ్‌దైతే దాన్ని ఇచ్చిన పుణ్యాత్ముని ఉద్దేశానికి లోబడే ఇదంతా జరగాలి, ముతవల్లీలు, ముఫ్తీలు కూర్చుని ఆలోచించాలి. అక్కడ వీలుకాకపోతే మరోచోట వెదకాలి. కాని ఆ ఆలోచన లేకుండా కట్టే గోడ మన కళ్ళను కాపాడుతుందే గాని మన పిల్లలను కాపాడదు.

సోదర సోదరీమణులారా, ప్రళయదినాన మన వీధి ఎంత శుభ్రంగా ఉందని మాత్రమే అడిగితే మనకు జవాబు దొరకవచ్చు. అందులోంచి పోయినవాడు ఎక్కడికి పోయాడని కూడా అడిగితే? ఒక్క ప్రాణాన్ని కాపాడినవాడు సమస్త మానవాళినీ కాపాడినట్టేనని విశ్వసించే సమాజం మనది.

ఆ తల్లికి మేము ఆ రాత్రి చెప్పవలసిన మాట ఇది: "అమ్మా, గోడ లేవకముందే మేము మీ ఇంటికి వస్తాం. మీ వాణ్ణి వెదకవలసిన పని ఇక మీ ఒక్కరిదే కాదు." ఆలస్యంగానైనా ఆ మాట చెప్పివచ్చాం. నిలబెట్టుకోవడం ఇంకా మిగిలివుంది.

అల్లాహ్ మన వీధులను, మన ఇళ్ళను, మన పిల్లల హృదయాలను పరిశుద్ధం చేయుగాక! దారి తప్పినవారికి తిరిగివచ్చే దారి చూపుగాక! ఆ దారికి మనల్ని అడ్డుగోడలు కానివ్వకుండుగాక! ఆమీన్.